అభిమాన సంఘం బాధ్యత వదిలేస్తానంటే అన్నయ్య ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది నెల్లూరు. మా నాన్నగారికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారంటే ప్రాణం. ఆయన కూడబెట్టిన క్యాసెట్లు, రికార్డులు, సినిమా హాళ్ల దగ్గర కొన్న పాటల పుస్తకాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. నాన్న పెట్టిన అభిమాన సంఘాన్ని ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. ఏటా జూన్ 4న జయంతి, సెప్టెంబర్ 25న వర్ధంతి సభలు, రోజూ ఒక పాట గురించి రాసి సభ్యులకు పంపడం, అన్నీ నావే. ఈమధ్య ఆదివారాలు శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ నేర్చుకుంటున్నాను. ఇక దాని మీదే ఉండాలని ఉంది. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య, "నువ్వు మానేస్తే నాన్నను రెండోసారి పోగొట్టుకున్నట్టే" అంటున్నాడు. నాన్న పోయినప్పుడు వాడు టైముకి రాలేకపోయాడు, పెదనాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. కలంకారీ సంగతి వాడికి తెలీదు, కుట్టు క్లాసులని చెప్పాను. సభ్యులు నొచ్చుకోకుండా ఈ విషయం ఎలా చెప్పాలి? ఆ సామానంతా ఎవరికి ఇవ్వాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, సభ్యుల సంగతి పెద్ద విషయం కాదు. జూన్ సభ వరకూ ఉంటాను, తర్వాత నడిపేవాళ్లెవరైనా ముందుకొస్తే రిజిస్టరు, ఫోన్ నంబర్లు అప్పగిస్తాను అని నాలుగు లైన్లు రాసి పంపండి. కొందరు నొచ్చుకుంటారు, కొన్నాళ్లకి సర్దుకుంటారు. ఎవరూ ముందుకు రాకపోతే సంఘం ఆగిపోతుంది, ఆగిపోనివ్వండి. 1966లో మొదటి సినిమా పాట పాడిన ఆ గొంతు ఇవాళ్టికీ పెళ్లి పందిళ్లలో, ఆటోల్లో, అర్ధరాత్రి లారీ క్యాబిన్లలో మోగుతూనే ఉంది. మీరు హాలు బుక్ చేయకపోతే అది తగ్గదు.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన మాట ఆ కుట్టు క్లాసులు. 41 ఏళ్ల మనిషి, ఒక సంఘాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి, తను నేర్చుకుంటున్న విద్య పేరు అన్నతో చెప్పుకోలేక అబద్ధం ఆడాల్సి వచ్చింది. మీరు వదిలించుకోవాల్సింది సంఘాన్నని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం మీ అన్నకూ మీకూ మధ్య ఎప్పుడో కుదిరిపోయిన ఏర్పాటు కనిపిస్తోంది, దాని గురించి ఇద్దరూ ఏనాడూ పైకి మాట్లాడుకుని ఉండరు. ఆయన తలకొరివి పెట్టలేకపోయారు. కొడుకుగా ఆ బాధ చిన్నది కాదు, ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ బాధను దించుకోవడానికి ఆయనకు దొరికిన చోటు మీ చాకిరీ. హాలు, సౌండ్ సిస్టమ్, ట్రాకులు, శాలువాలు, మెమెంటోలు, అలిగిన గాయకుల్ని బతిమాలడం, ఇదంతా మీరు చేస్తుంటే నాన్న రుణం తీరుతోందని అక్కడ ఆయనకు నిద్ర పడుతోంది. మీరేమో చివరిదాకా దగ్గరుండి చూసుకున్న కూతురై ఉండి కూడా, ఇంకా ఏదో బాకీ పడ్డట్టు ఆయన ముందు తలొంచుతున్నారు.

కన్నవాళ్ల పట్ల ఆడపిల్లకు బాధ్యత ఉండదని నేను ఎప్పుడూ అనను. మీకు ఉంది, దాన్ని మీరు తీర్చారు. ఆయన బతికుండగా తీర్చారు, పోయాక కూడా ఇన్నేళ్లు తీర్చారు. తండ్రి ఇష్టాన్ని గౌరవించడం వేరు, ఆ ఇష్టానికి జీవితాంతం కాపలా ఉండటం వేరు. రెండోది ఏ తండ్రీ కూతుర్ని అడగడు, అడిగినా ఒప్పుకోకూడదనే నా అభిప్రాయం.

బాలుగారి సంగతే తీసుకుందాం, మీది నెల్లూరు కాబట్టి మీకు నాకంటే బాగా తెలుసు. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని ఆయన 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించేశారు. హరికథలు చెప్పిన తండ్రి సాంబమూర్తిగారి ఇల్లు అది. తాళం వేసి జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఇచ్చేసినందుకు తండ్రిని మరిచిపోయాడని ఆయన్ని ఎవరైనా అన్నారా? పాటలో అంత పేరు తెచ్చుకున్నాక కూడా డబ్బింగ్ చెప్పారు, సంగీతం చేశారు, నటించారు, 1996 నుంచి 'పాడుతా తీయగా'లో పిల్లలకు పాట సరిదిద్దుతూ కూర్చున్నారు. ఒక్క పనికి కట్టుబడి ఉండిపోయిన మనిషి కాదాయన. ఆయన అభిమాని ఇంకో విద్యకు మారితే అది ఆయనకు అవమానం ఎలా అవుతుంది, ఈ మాట మీ అన్ననే అడగండి.

ఇంకో సంగతి. కలంకారీ ఖాళీ దొరికినప్పుడల్లా చేసుకునే పని కాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాలి, ఆరబెట్టాలి, తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెడితే గానీ నలుపు రాదు. పటికనీళ్లతో గీసినప్పుడు కంటికి సరిగ్గా ఆనదు, ఉడకబెట్టాకే అక్కడ ఎరుపు తేలుతుంది. ప్రతి రంగుకీ ఉతకడం, ఆరబెట్టడం మళ్లీ మొదలు. పక్కన ఫోన్ మోగుతుంటే, ఫలానా పాట రాసింది వేటూరిగారా సిరివెన్నెలగారా అని ఎవరో అడుగుతుంటే ఆ చెయ్యి కుదురుకోదు. రెండూ చేస్తానని మాత్రం ఒప్పుకోకండి. మీ అన్న మొదట అడిగేది అదే, "వారానికి ఒక్క పాటే రాయి చాలు" అని.

అలాగని కలంకారీని సాకుగా చూపించకండి. అలసిపోయాను, ఇక చాలు అనడానికి మీకు వేరే కారణం అక్కర్లేదు. రేపు కలంకారీ కూడా నచ్చక మానేస్తే, చూశావా, అది వదిలి ఇది పట్టావు, ఇదీ నిలవలేదు అనే మాట పడాల్సొస్తుంది.

ఫోన్ మీరే చేయండి, ఆయన చేసేదాకా ఆగకండి. అనుమతి అడుగుతున్న గొంతుతో వద్దు. "అన్నయ్యా, కుట్టు క్లాసులని నీతో అబద్ధం చెప్పాను, నేర్చుకుంటున్నది కలంకారీ. జూన్ సభ నేను చేసే చివరి సభ" అని మొదటి రెండు మాటల్లోనే చెప్పేయండి. ఆయన కోప్పడతారు, ఏడవొచ్చు కూడా. ఏడిస్తే ఆపకండి. తలకొరివి గురించి మీ ఇద్దరూ ఇంతవరకూ మాట్లాడుకోలేదనిపిస్తోంది, ఆ రోజు మాట్లాడుకోండి. సభ విషయంలో మాత్రం మెత్తబడకండి. నాన్న పేరు మీద ఏదో ఒకటి జరగాలని ఆయన పట్టుబడితే ఆయన్నే చేయమనండి. న్యూజెర్సీలో తెలుగువాళ్లకూ బాలుగారి పాట పాడేవాళ్లకూ కొదవేం లేదు.

ఇక బీరువాలు. వాటిలో ముందు చూడాల్సింది క్యాసెట్లు. మన కోస్తా ఉక్కకు టేపు బూజు పడుతుంది, కాబట్టి బయట దొరకని ప్రైవేటు కచేరీలు, నాన్నగారే స్వయంగా రికార్డు చేసినవి వేరు చేసి కంప్యూటర్లోకి ఎక్కించండి. ఖర్చు అన్నయ్యను పెట్టుకోమనండి, సంతోషంగా పెడతారు. పాటల పుస్తకాల్లో నాన్నగారి చేతిరాత ఉన్నవి అమ్మ దగ్గర ఉంచండి, అమ్మ లేకపోతే మీరే ఉంచుకోండి. మిగిలినవి వేసవికి వచ్చినప్పుడు చూసుకోమని అన్నయ్యకు చెప్పండి, తీసుకెళ్లగలిగినవి తీసుకెళ్తారు, తక్కినవి వినేవాళ్లకు పంచండి.

సంఘం డబ్బు ఎంతుందో మీరు రాయలేదు. జూన్ సభకు ముందే లెక్కంతా రాసి, ఇద్దరు పెద్ద సభ్యులతో సంతకం చేయించి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.