నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఫ్లెమింగోలు కనిపించలేదన్నారు కదా, సమాధానం

జనవరిలో వెళ్లారు కాబట్టి సీజన్ కరెక్టే, చోటే తప్పు. నేలపట్టు చెరువు గూళ్లు కట్టుకునే పక్షులది. నీళ్లలో నిలబడ్డ చెట్ల (వాటినే కడప చెట్లంటారు) మీద మీరు చూసినవి గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు. అవి సైబీరియా నుంచి రావు, మన దేశం పక్షులే. ఫ్లెమింగోలు చెట్టెక్కవు. వాటికి ఉప్పునీళ్ల బురద కావాలి, అంటే పులికాట్ సరస్సుకు వెళ్లాలి.

1. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పట్టుకోండి. సరస్సు మధ్యలోంచే పోతుంది.

2. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: నిండుగా నీళ్లున్న చోట ఆగుతారు. ఫ్లెమింగో తల తలకిందులుగా ముంచి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటుంది. కాళ్లు నేలకు ఆనేంత లోతే దానికి కావాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండితే అంచులకు జరుగుతాయి, నీళ్లు తగ్గేకొద్దీ లోపలికి వస్తాయి. నిరుడు కనిపించిన చోటే ఈసారీ ఉంటాయనుకోకండి. కొంగలు మోకాళ్ల లోతులో నడుస్తున్న చోట బండి ఆపండి.

3. గులాబీ రంగు కోసం వెతక్కండి. దూరానికి తెల్లటి గీతలా ఉంటాయి, పిల్లలైతే బూడిద రంగే. ఎగిరినప్పుడు రెక్కల్లో ఎరుపు బయటపడుతుంది. నేనూ మొదటిసారి కొంగలనుకుని వదిలేశాను!

4. బైనాక్యులర్స్ తప్పనిసరి. బురదలోకి దిగకండి, గుంపంతా లేచిపోతుంది.