నెల్లూరుకి ప్రాస యాడ దొరకద్ది? (పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

కావలి నుంచి ఒక డిగ్రీ కుర్రోడు: అన్నా, ఫ్రెండ్స్ షార్ట్ ఫిల్మ్ తీస్తా పాట నన్ను రాయమన్నారు. మొదటి లైను చివర 'నెల్లూరు' అని పెట్టేశా, ఇంక రెండో లైను కదలడం లా. గూడూరు, కందుకూరు, కోవూరు తప్ప ఏం రావడం లా, బస్టాండులో మైకు చెప్పినట్టుంది. ఏం చేయాలి?

జ: అబ్బయ్యా, ఊళ్ళన్నీ వరసగా చెప్తే అది పాట కాదు, నువ్వన్నట్టు బస్సుల అనౌన్స్‌మెంటే. గూడూరు, కోవూరు అన్నిట్లో చివరున్నది అదే 'ఊరు' గదా, ఒకే ముక్కని మళ్ళీ తెచ్చి అతికిస్తే చెవికి కొత్తగా ఏం తగలదు.

నువ్వు చివర చూస్తుండావు, ఒకసారి మధ్యలో చూడు. మన పద్యాల్లో ప్రాసంటే లైనులో రెండో అక్షరం, ఆడ హల్లు కలిస్తే చాలు, దాని మీద అచ్చు ఏదైనా ఒప్పుకుంటారు, కాకపోతే దాని ముందున్న మొదటి అక్షరం ఒక లైనులో గురువైతే అన్నిట్లో గురువే ఉండాలి (పలకడానికి రెండు మాత్రల సేపు పట్టేది గురువు, ఒక్క మాత్రలో అయిపోయేది లఘువు, మాత్రంటే చిటికె వేసేంత సేపు). ఈ లెక్కని ఎత్తుకొచ్చి నీ చివరి పదానికి వాడు. నెల్లూరులో రెండోది ల్ల. తెల్లారు, చల్లారు, అల్లాడు, ఇల్లాలు, అన్నిట్లో ల్ల ఉండాది, అన్నీ గురువు గురువు లఘువు, అంటే తాళం యాడా తప్పదు. చివర 'రు' బదులు 'లు' వచ్చినా పర్లేదు, ర-ల చుట్టాలే. ఇట్లా రాసుకోవచ్చు చూడు:

రైలెక్కి దిగితేనే నెల్లూరు
నీ నవ్వు చూస్తేనే తెల్లారు

పదహారు మాత్రలకి పదహారు, సరిపోయింది. అయితే ఒక మెలిక ఉండాది, ట్యూన్ కట్టినోణ్ణి ముందే అడుగు, రాగం యాడ సాగదీస్తాడో. చివరి 'రు' మీద సాగదీస్తే తెల్లారు బ్రహ్మాండంగా కూర్చుంటుంది. అట్లా కాకుండా 'నెల్లూ...' అని మధ్యలో సాగదీశాడనుకో, అప్పుడు కింద 'తెల్లా...' అని వస్తే ఊ ఆ రెండూ ఎడమొహం పెడమొహం అయిపోతాయి, హల్లు కలిసిందని ఎంత చెప్పినా వినేవాళ్ళకి అతకదు, ఎందుకంటే సాగే చోట వినపడేది అచ్చే గానీ హల్లు కాదు. అప్పుడు ఊ ఉన్న మాట కావాలి, 'నోరూరు' పెట్టు, చేపల పులుసు మాట ఎట్లాగూ వస్తుంది గదా మన పాటలో. అది కుదరకపోతే ఊకి దగ్గరోడు ఓ, హోరు, జోరు, పోరు. మైపాడు బీచ్‌లో షూటింగ్ పెడితే హోరు ఊరికే వచ్చేస్తుంది (మైపాడుకైతే 'కాపాడు' రెడీగా ఉండాది, ప కూడా కలిసింది, ఇంకేం కావాలి).

ఊకి ఓ దగ్గరనే ఇట్టాంటి చుట్టరికాలు నేను కల్పించినవి కావు, యతి (లైను మొదటి అక్షరానికి మధ్యలో ఒక చోట జోడీ అక్షరం పెట్టడం) చెప్పేటప్పుడు క్లాసులో వినే ఉంటావు, నిద్రపోయుంటే మళ్ళీ విను. క ఖ గ ఘ ఒక ఇల్లు. చ ఛ జ ఝ, వాటితో పాటు శ ష స ఒక ఇల్లు. ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ, ఇవి తలా ఒక ఇల్లు. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. పద్యంలో ఇవి లైను మొదట్లో, మధ్యలో యతిస్థానంలో కలుస్తాయి, లైను చివరకి ఆ రూలుతో పనిలేదు, కానీ చెవి ఒకటే గదా, పైన కలిసినవి కిందా కలుస్తాయి. మీ ఊరే తీసుకో, కావలికి 'ఆవలి' అచ్చంగా సరిపోతుంది, కానీ ఎవరైనా ఊహించేస్తారు. 'జాబిలి' అని చూడు, వ బదులు బ, అదే ఇంట్లోది, ముందు ఆ, చివర ఇ కలిశాయి, మధ్యలో అచ్చు ఒక్కటే తేడా. 'కౌగిలి' ఇంకొంచెం దూరం, అయినా పాటలో నడిచిపోతుంది. నన్నడిగితే కావలికి జాబిలే మేలు, సగం కలిసి సగం కలవకుండా ఉంటేనే ఆ మాట కోసం వెతికినట్టు కాకుండా దానంతటదే వచ్చినట్టుంటుంది.

కందుకూరు నుంచి రిటైర్డ్ తెలుగు మాస్టారు: ఈ మధ్య పాటల్లో 'మాట'కి 'మంట', 'పాట'కి 'పంట' వేస్తుండారు. తిక్కన కవిత్వం చెప్పిన సీమలో ఇట్టాంటివి వినాల్సి వస్తుండాదే అని బాధగా ఉంది. ఇది సోమరితనం కాదా?

జ: నమస్కారం మాస్టారూ. పద్యంలో అయితే మీదే న్యాయం, ఒక పాదంలో సున్నా ముందున్న ట వస్తే నాలుగు పాదాల్లోనూ సున్నాతోనే రావాలి, కందంలోనో ఉత్పలమాలలోనో మాటని మంటని ప్రాసగా పెడితే కొట్టేయాల్సిందే. పాట సంగతి వేరండీ. మాట, మంట రెండూ గురువు లఘువే, బరువు సమానం, పాడేటప్పుడు ఆ సున్నా ముక్కులోంచి కాస్త మోగి పోతుంది అంతే. అయినా పద్యాల్లో మాత్రం అన్నిటికీ ప్రాస పెట్టారా, ఆటవెలదికి తేటగీతికి ప్రాస నియమమే లేదు గదా, యతితోనే నడిపించారు. ల-ళ కలిపిన ప్రాసకి లక్షణకారులే (పద్యాలకి రూల్సు రాసిన పండితులే) ఒప్పుకున్నారు. దగ్గర ప్రాసనేది సినిమావాళ్ళు తెచ్చిన జబ్బు కాదు, మన పెద్దోళ్ళు హద్దులు గీసి మరీ ఇచ్చిన వెసులుబాటు. సోమరితనం ఎప్పుడంటే, మంట అనే మాటకి ఆ పాటలో పనేమీ లేకపోయినా మాట ఉంది గదా అని లాక్కొచ్చి పెట్టినప్పుడు. అప్పుడు మీరు తిట్టండి, నేనూ తిడతా.

ఒంగోలు నుంచి ఒక అమ్మ: మా కాలనీలో కోలాటానికి నేనే పాటలు కడతానండి. అన్ని లైన్లూ వస్తావు, చూస్తావు, ఇస్తావు, నవ్వుతావు అనే వస్తున్నాయి. ఆడేవాళ్ళు బాగుందనే అంటారు, నాకే విసుగ్గా ఉంది.

జ: విసుగు రావడం మంచిదేనమ్మా, చెవి పదునెక్కిందన్నమాట. తెలుగులో క్రియలన్నీ చివరకొస్తాయి, వాటి తోకలన్నీ ఒకటే, తావు తావు అంటే ప్రాస మీరు వేసినట్టు కాదు, వ్యాకరణం వేసినట్టు. తోక వదిలేసి ముందున్న ముక్క కలిపి చూడండి, పాడుతావు, ఆడుతావు, వీడుతావు, ఇందులో డ కూడా కలిసింది కాబట్టి కొంత నయం. ఇంకా మంచిది, ఒక లైను క్రియతో ముగించి రెండోది పేరుతో ముగించడం:

ఎప్పుడో వస్తావు
ఎదురుచూసే రేవు

ఆవు, ఏవు. పూర్తిగా కలవలేదు, కానీ అడుగు పడే చోట 'వు' వస్తుంది కాబట్టి కర్రలు కొట్టేదానికి ఇబ్బంది ఉండదు. మీ ఊరి మీద కూడా ఒకటి ఇస్తా, వాడుకోండి:

కోడె దూడల సీమ ఒంగోలు
కొమ్ముకొమ్మున పూసె బంగారు

ఒంగోలు, బంగారు రెండిట్లోనూ ంగ ఉండాది, చివర ల-ర. ఓ ఆ తేడా ఉంది నిజమే, కోలాటం స్పీడులో ఎవరూ పట్టుకోరు.

ఇంకో పని చేయండి. ఒక నోటుబుక్కు పెట్టి, మాటల్ని మొదటి అక్షరం ప్రకారం కాకుండా రెండో అక్షరం ప్రకారం రాసుకోండి, న్న పేజీలో పెన్న, వెన్న, నిన్న, కన్ను, మన్ను, చిన్ని, ఇట్లా. న లాంటి ఒంటి అక్షరం పేజీలో అయితే గురువుతో మొదలయ్యేవి ఒక పక్క, లఘువుతో మొదలయ్యేవి ఇంకో పక్క. డిక్షనరీలో వెతికితే ఇట్లా దొరకవు, అందులో వరస మొదటి అక్షరంతో నడుస్తుంది.

గూడూరు నుంచి ఒక ర్యాప్ పిల్లోడు: సార్, ఇంగ్లీషు మాటకి తెలుగు మాట ప్రాస వేయొచ్చా?

జ: వెయ్యి సామీ, ఎవరొద్దన్నారు. ఫోను-పోను, సెల్లు-ఇల్లు, నెట్టు-గుట్టు. తెలుగులోకొచ్చేసరికి దాని చివర ఉ తగిలించుకుంటాం గదా, ఆ ఉ తోనే ప్రాస కలుస్తుంది. నోటితో ఎట్లా పలుకుతావో అట్లాగే రాయి, స్పెల్లింగ్ చూసుకుని వేస్తే మాత్రం తప్పుతావు.