ఆయన గొంతు పాత ఫోన్లో ఉంది, కొత్తది ఏది కొనమంటారు?

ఉత్తరం: "నాకు 58 ఏళ్ళు. గుంటూరు బ్రాడీపేటలో ఒక్కదాన్నే ఉంటాను. మావారు మిర్చి యార్డులో గుమస్తాగా చేసేవారు, రెండేళ్ళ క్రితం పోయారు. నా ఫోను ఆరేళ్ళ నాటి శాంసంగ్. మధ్యాహ్నానికే చార్జింగ్ దిగిపోతోంది, మెమరీ నిండిందని రోజూ గొడవ. హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఐఫోన్ కొనిస్తానంటాడు, వాడూ కోడలూ అవే వాడతారు. విజయవాడ పటమటలో ఉన్న అమ్మాయి 'అమ్మకి అలవాటైంది ఆండ్రాయిడే, మళ్ళీ అదే కొందాం' అంటుంది, అది వాడేదీ ఆండ్రాయిడే. మాటా మాటా పెరిగింది. 'డబ్బులు నేను పెడుతుంటే నీకేంటి' అని వాడు, 'వారం వారం వెళ్ళి చూసేది నేను' అని అది. నెల నుంచి ఇద్దరికీ మాటల్లేవు, ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పిస్తున్నారు. ఏ ఫోను కొనుక్కోవాలో మీరే చెప్పండి. ఇంకొకటి, మావారు యార్డు నుంచి పెట్టిన వాయిస్ మెసేజీలు దీంట్లోనే ఉన్నాయి. 'లారీ ఇంకా లోడవలేదు, లేటవుద్ది, నువ్వు తినేసెయ్' లాంటివే, గొప్ప మాటలేం కావు. అవి పోతాయేమోనని భయం."

అక్కా, మీరు ఫోను గురించి రెండు పేజీలు రాసి, అసలు సంగతి చివర్లో మూడు వాక్యాల్లో దాచేశారు. ఈ మెసేజీల మాట పిల్లలిద్దరిలో ఒక్కరికైనా చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నా. చెప్పి ఉంటే ఇద్దరూ ఐఫోనా ఆండ్రాయిడా అని కొట్టుకునేముందు అవి ఎలా దాచాలా అని ఆలోచించేవాళ్ళు, వాళ్ళ నాన్న గొంతు కదా అది, మీ ఒక్కరిదే కాదు.

అందుకని ముందు వాటి పని చూద్దాం. ఫోను సంగతి తర్వాత.

నా అనుభవం ఒకటి చెప్తా. 2019లో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాను. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపుకి వెళితే అక్కడి కుర్రాడు "అన్నీ వచ్చేస్తాయి మేడం" అని చకచకా నొక్కేశాడు. ఫోన్ నంబర్లు వచ్చాయి, ఫోటోలు వచ్చాయి, ఇంటికొచ్చి చూసుకుంటే వాట్సాప్ మాత్రం కొత్త పలకలా ఖాళీ. అప్పటికి ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వాట్సాప్ మార్చుకునే సదుపాయమే ఇవ్వలేదు వాళ్ళు, అది 2022లో గానీ రాలేదు, ఆ సంగతి కుర్రాడికి తెలియదు, నాకూ తెలియదు. పాత ఫోను అప్పటికే ఎక్స్ఛేంజీలో ఇచ్చేశాను. మా పిన్ని ఆవకాయ కొలతలన్నీ వాయిస్ మెసేజీల్లో చెప్పింది, "కారం గిద్దె తగ్గించవే, మీవాడికి కడుపులో మంట" అంటూ. ఆవిడ ఇప్పుడు లేదు. నా ఆవకాయ ఏటా ఒక్కో రుచి.

మీకు అలా కాకూడదు. చేయాల్సింది పెద్ద కష్టం కాదు. వాట్సాప్‌లో ఆయన మెసేజి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి, పైన కుడివైపుకి తిరిగిన బాణం గుర్తు వస్తుంది, అది నొక్కి మీ అమ్మాయికి పంపండి. అబ్బాయికి కూడా. అలా ఒక్కొక్కటీ పంపితే వాళ్ళ ఫోన్లలోనూ ఉంటాయి. ఎక్కువ ఉన్నాయంటే కేబుల్‌తో ఫోన్‌ని లాప్‌టాప్‌కి పెట్టి, వాట్సాప్ ఫోల్డర్లో వాయిస్ నోట్స్ అని ఉంటుంది, దాన్ని మొత్తం కాపీ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించండి. ఇది మీ అబ్బాయి పది నిమిషాల్లో చేస్తాడు. ఈలోగా మెమరీ నిండిందని ఎవరైనా "క్లీన్ చేస్తా ఇటివ్వండి" అంటే మాత్రం ఇవ్వకండి, ఆ క్లీనింగ్‌లో మొదట పోయేవి ఇవే.

"మరి పాత ఫోను బీరువాలో పెట్టుకుంటే సరిపోదా" అంటారేమో. పెట్టుకోండి, ఎక్స్ఛేంజీలో మాత్రం ఇవ్వద్దు, వచ్చేది ఎంతో కాదు. కానీ అదొక్కటే నమ్ముకోకండి. మీ నంబరుతో కొత్త ఫోన్లో వాట్సాప్ మొదలుపెట్టగానే పాత ఫోన్లోది మూతపడిపోతుంది, తెరిస్తే మళ్ళీ నంబరు అడుగుతుంది, మెసేజీలు చూపించదు. పైగా అసలే బ్యాటరీ అయిపోయిన ఫోను, బీరువాలో ఏడాది పడుంటే లేస్తుందని హామీ లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. వాడు చెప్పేదాంట్లో న్యాయం లేదని అనుకోకండి. నేను ఈరోజుకీ ఐఫోనే వాడుతున్నాను. "చలానా కట్టండి" అనో బ్యాంకు పేరు చెప్పో వాట్సాప్‌లో ఏపీకే అని చివర ఉండే ఫైలు పంపుతారు చూశారా, అది నొక్కి ఇన్‌స్టాల్ చేసుకుంటే బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారు, ఆ రకం ఫైలు ఐఫోన్లో ఎక్కనే ఎక్కదు. ఒంటరిగా ఉండే అమ్మ గురించి కొడుకు భయపడటానికి ఆ ఒక్క కారణం చాలు. అయితే ఓటీపీ అడిగేవాడు, "మీ మీద కేసు ఉంది, వీడియో కాల్‌లోనే కూర్చోండి" అని బెదిరించేవాడు ఏ ఫోన్ ఉన్నా చేస్తాడు, అక్కడ ఐఫోన్ ఏం కాపాడదు. ఇంకో సంగతి, వాడిదీ మీదీ ఐఫోనే అయితే వాడు హైదరాబాదు నుంచే మీ స్క్రీన్ చూసి "అమ్మా, ఆ పైది నొక్కు" అని చెప్పొచ్చు. కానీ ఆ పని వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ నొక్కినా అవుతుంది, దానికీ వీడియో కాల్‌కీ ఐఫోనే అక్కర్లేదు, వాట్సాప్ కాల్ దేంట్లోనైనా ఒకటే.

అమ్మాయి మాటలోనూ బలం ఉంది. అలవాటు అనేది చిన్న విషయం కాదు. నాకు ఐఫోన్ వచ్చిన కొత్తలో వెనక్కి వెళ్ళే బటన్ కోసం నెల రోజులు కింద తడుముకున్నాను, అది ఉండదు, ఎడమ అంచు నుంచి వేలితో జరపాలి. నలభైల్లోనే నాకు విసుగొచ్చింది. ఇంకా, ఇన్నాళ్ళూ మీ ఫోటోలు, బ్యాకప్ అన్నీ గూగుల్ ఖాతాలో ఉంటాయి, అక్కడ 15 జీబీ ఉచితం, ఆపిల్ వాళ్ళు ఇచ్చేది 5 జీబీ, అది నిండగానే నెలనెలా డబ్బు కట్టమని మెసేజీలు మొదలు. మీకు ఇప్పటికే మెమరీ గొడవ ఉందని గుర్తు పెట్టుకోండి. గూగుల్లో ఉన్న వాట్సాప్ బ్యాకప్ ఐఫోన్లోకి దిగదు. మార్చాలంటే ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడే, రెండు ఫోన్లూ పక్కపక్కన చార్జింగ్‌లో పెట్టి, మూవ్ టు ఐఓఎస్ అనే యాప్‌తో చేయాలి. షాపులో తొందరపడి ఆ మెట్టు దాటేస్తే ఫోన్‌ని మళ్ళీ మొత్తం చెరిపి మొదటికి రావాలి. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కైతే ఇంత తతంగం లేదు.

నా మాట ఏమిటంటే, ఫోను ఎక్కడో ఇరుక్కుపోయినప్పుడు మీ పక్కన వచ్చి కూర్చునే మనిషి ఎవరో చూడండి, ఆ మనిషి చేతిలో ఏ ఫోను ఉందో అదే కొనుక్కోండి. ఫీచర్లు, కెమెరా, చుట్టాల ముందు గొప్ప, అవన్నీ దాని తర్వాతే. పటమట నుంచి బ్రాడీపేటకి బస్సెక్కితే మీ అమ్మాయి గంట, గంటన్నరలో వస్తుంది. గ్యాస్ బుకింగ్ ఆగినా, ఫోన్‌పే కొత్త ఫోన్లో ఎస్సెమ్మెస్ వెళ్ళలేదని మొండికేసినా వచ్చేది అదే. కాబట్టి మీ ఇంటికి ఆండ్రాయిడ్. రేపు మీరు హైదరాబాదు వెళ్ళి అబ్బాయి దగ్గర ఉండే పని అయితే ఐఫోనే కొనుక్కోమని చెప్పేదాన్ని, మొహమాటం లేకుండా.

కొనేటప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోన్లోకి దొంగలు చొరబడకుండా కంపెనీ పంపే మరమ్మతులు, ఎన్నేళ్ళు ఇస్తారని అడగండి. ఐఫోన్లకి మామూలుగానే చాలా ఏళ్ళు వస్తాయి, ఆండ్రాయిడ్‌లో మోడల్‌ని బట్టి మారిపోతుంది. శాంసంగ్ వాళ్ళు 2024 జనవరిలో తమ ఖరీదైన ఎస్24 ఫోన్లకి ఏడేళ్ళన్నారు, చవక మోడళ్ళకి అంత ఉండకపోవచ్చు. షాపువాడు కెమెరా మెగాపిక్సెళ్ళు చెప్తూ పోతే ఆపి ఇది అడగండి. అబ్బాయి ఈఎమ్ఐలో కొంటానంటే, నో కాస్ట్ అని, వడ్డీ మనకి పడదని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, లోపల లెక్కేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడతాయని వాడికి తెలిసే ఉంటుంది, అయినా ఓ మాట అనండి. అసలు ఇప్పటికిప్పుడు కొని తీరాలని కూడా లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ ఒకటి మార్పిస్తే మీ పాతది ఇంకొంతకాలం లాక్కొస్తుంది. కాకపోతే ఆరేళ్ళది కాబట్టి దానికి అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి, డబ్బు లావాదేవీలు దాంట్లో ఎక్కువకాలం చేయకపోవడమే మంచిది.

ఇక పిల్లల సంగతి. అబ్బాయికి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్ళక్క చెప్పిందని కాదు, మీ మాటగా. "డబ్బులు నువ్వే పెట్టరా, సంతోషం. ఫోను మాత్రం నేను ఎంచుకుంటా, నాకు ఆండ్రాయిడే కావాలి" అనండి. వాడు కాసేపు అలుగుతాడు. అలగనివ్వండి, మూడేళ్ళ పిల్లాడేం కాదు కదా. వాడికి అసలు బాధ ఏమిటో నాకు కొంచెం అర్థమవుతోంది, రోజూ వచ్చి చూసుకోలేకపోతున్నాడు, ఖరీదైన వస్తువు పంపితే ఆ లోటు కొంత తీరుతుందనుకున్నాడు, అక్క అడ్డం పడేసరికి మండింది. అమ్మాయికేమో రోజూ చేసేదానికి లెక్కే లేదని కోపం. ఇవి రెండూ మీరు తీర్చలేరు అక్కా. కానీ ఒకరి మాట ఇంకొకరికి మోయడం మాత్రం ఇవాళ్టి నుంచి ఆపేయొచ్చు. "తమ్ముడికి చెప్పమ్మా" అనగానే "నంబరు నీ దగ్గర ఉందిగా" అనేయండి. మొదట్లో నోరు రాదు, రెండు మూడు సార్లు అంటే వచ్చేస్తుంది.

ఒక ఆదివారం ఇద్దర్నీ ఒకే రోజు రమ్మనండి, కారణం నాన్న మెసేజీలని చెప్పండి. అబ్బాయిని లాప్‌టాప్ తెచ్చుకోమనండి, కాపీ చేసే పని వాడిది. కొత్త ఫోను పెట్టి ఇచ్చే పని అమ్మాయిది. ఒకే ఫోన్ మీద పని కాబట్టి ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు వాళ్ళకి. మీరు వంటింట్లోకి వెళ్ళిపోండి, ఆయన గొంతు హాల్లోంచి వినిపించినా వెంటనే పరిగెత్తుకు రాకండి, వాళ్ళని విననివ్వండి.

అప్పటిదాకా ఆగకుండా ఈ రాత్రికే ఒక్క మెసేజి, ఆ లారీ లోడవలేదన్నదే, అమ్మాయికి ఫార్వర్డ్ చేసి చూడండి. వెళ్ళకపోతే ఎక్కడ ఆగిందో నాకు రాయండి.