పీక్యాప్_ఓపెన్_లైవ్ ఎందుకు నల్ ఇస్తుంది?

తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థి, కళాశాల ల్యాబ్‌లో తాను సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌కు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరుగా ‘ఈటీహెచ్0’ అని ఇచ్చినా లిబ్‌పీక్యాప్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టుకునే లైబ్రరీ) దాన్ని తెరవడం లేదని, కారణమేమిటని అడిగారు.

ముందుగా, ఇంటర్‌ఫేస్‌ను తెరిచే పీక్యాప్_ఓపెన్_లైవ్ ఫంక్షన్‌కు ఐదో ఆర్గ్యుమెంట్‌గా పంపిన 256 బైట్ల ఎర్రర్ బఫర్‌ను ప్రింట్ చేసి చూడండి. చాలామంది నల్ (తెరవడం విఫలమైందనే సూచన) రాగానే ప్రోగ్రామ్‌ను ఆపేసి, అసలు కారణం చెప్పే ఆ వాక్యాన్నే వదిలేస్తారు. అలాంటి పరికరం లేదని వస్తే పేరు తప్పు: నేటి లినక్స్‌లో ఆ ఇంటర్‌ఫేస్ తరచుగా ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేరుతో ఉంటుంది కనుక, పేరును కోడ్‌లో నేరుగా రాయకుండా పీక్యాప్_ఫైండ్‌ఆల్‌డెవ్స్ ఇచ్చే జాబితా నుంచి తీసుకోవడం మేలు. అనుమతి లేదని వస్తే సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపండి, లేదా, నా దృష్టిలో ఇదే మంచి పద్ధతి, సెట్‌క్యాప్‌తో ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే క్యాప్_నెట్_రా (ప్యాకెట్లను నేరుగా చదివే అనుమతి) ఇవ్వండి.

మూడో ఆర్గ్యుమెంట్‌ను 1 చేస్తే ప్రామిస్క్యువస్ మోడ్ కోరినట్టు. ఇతరుల ప్యాకెట్లు కూడా అందవచ్చు కాబట్టి ల్యాబ్ బాధ్యుల అనుమతి తప్పక తీసుకోండి. నాలుగోదైన టైమౌట్‌ను మాత్రం సున్నాగా ఉంచవద్దు. అలా ఉంచితే కొన్ని వ్యవస్థల్లో బఫర్ నిండేదాకా ఒక్క ప్యాకెట్టూ చేతికి రాదు; 1000 మిల్లీసెకన్లు ఇస్తే సరిపోతుంది.