కూరగాయలు పడనివాళ్లు కూడా బరువు తగ్గొచ్చు తమ్ముడూ

తమ్ముడూ, బంగాళాదుంప తప్ప ఏ కూరా దిగదు, రాత్రయితే బిర్యానీయో నూడుల్సో, బరువు 92 కిలోలు, ఏం చేయాలి అని అడిగావు కదా. ముందు టెన్షన్ పడకు. నేనూ చాలా ఏళ్లు బెండకాయ కూర చూస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ని. నచ్చనివి బలవంతంగా మింగే డైట్ పెట్టుకుంటే నాలుగో రోజుకే మానేస్తావు, అది వద్దు. నువ్వు తినేవాటితోనే మొదలుపెట్టు. గుడ్డు ఇష్టమన్నావు, ఒక్కోదానిలో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పొద్దున్నే రెండు ఉడికించుకుని తిన్నాక ఇడ్లీ తింటే నాలుగు తినేవాడివి రెండుతో ఆగుతావు. కూల్‌డ్రింక్ మాత్రం ఈ రోజే ఆపెయ్, 100 మిల్లీలీటర్లకే దాదాపు 10 గ్రాముల చక్కెర, పైగా కడుపూ నిండదు.

కూర కనబడితేనే ఇబ్బంది అయితే రైతుబజార్‌లో లేత సొరకాయ తెచ్చి, తురిమి పప్పులో మెత్తగా ఉడికించు, తేడా తెలీదు. వారానికి ఒక్క కొత్త కూర, రెండు ముద్దలే తిను. నాకు పదిసార్లు తిన్నాక గానీ బీరకాయ అలవాటు కాలేదు. సాయంత్రం మన వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో నడు, బజ్జీలూ మురీ మిక్చర్ వారానికి ఒక్కసారే. వారానికి అరకిలో తగ్గినా చాలా మంచిది. థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకో.