చదునే కదా అంటే నడుం విరిగింది

ప్రశ్న: నా వయసు 38. పాలకొల్లు దగ్గర స్కూల్లో టీచర్ని. ఏడాదిగా రోజూ పొద్దున్నే గేర్ల సైకిల్ మీద నరసాపురం దాకా వెళ్లొస్తున్నాను. ఫ్రెండ్స్ 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే టైము లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి రమ్మంటున్నారు. ‘మన దగ్గరంతా చదునే కదా, కొండలేమన్నా ఎక్కాలా’ అంటారు. మొన్న 70 తొక్కితే రెండు రోజులు కుర్చీలో కూర్చోలేకపోయాను. మా ఆవిడ వద్దంటోంది. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి, కానీ ఈ నెల్లో వద్దు. బ్రెవే రేసు కాదండీ. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిజియన్ అనే సైకిల్ క్లబ్ పెట్టిన లెక్క ప్రకారం 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, దారిలో చెక్‌పోస్టుల్లో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ముందొచ్చినా ఆఖర్న వచ్చినా ఒకటే, పంక్చర్ పడితే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. టిఫిన్ దగ్గర కూర్చున్న టైమూ అందులోనే కాబట్టి అన్నీ కలిపి గంటకి 15 కిలోమీటర్లు పడితే చాలు. ఆ తర్వాత 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఒకే ఏడాదిలో నాలుగూ చేస్తే సూపర్ రాండనీర్ అంటారు, 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ రైడ్ అయితే 1200 కిలోమీటర్లు 90 గంటల్లో. అదంతా తర్వాత సంగతి.

మీ ఫ్రెండ్స్ అన్న ఆ ‘చదునే కదా’ ఉంది చూశారూ, నేనూ ఆ మాట నమ్మే మొదటిసారి దెబ్బతిన్నాను. ఘాట్ రోడ్డులో ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తాం, దిగేటప్పుడు కాళ్లు ఆపుతాం, ఒంటికి అదే విశ్రాంతి. మన దగ్గర కాటన్ దొర కాలవలకి నీళ్లు పారేంత వాలే ఉంటుంది గానీ సైకిల్ జారేంత ఉండదు. కాలవ గట్టు మీద తొక్కడం ఆపితే సైకిలూ ఆగుతుంది. నిమిషానికి 80 సార్లు చొప్పున తొమ్మిది గంటలు తొక్కితే ఒక్కో కాలు 43,200 సార్లు తిరుగుతుంది, సీటు ఒక్క సెంటీమీటరు తేడాగా ఉన్నా ఆ తప్పు అన్నిసార్లూ మోకాలి మీదే పడుతుంది. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందకి ఉన్నట్టు, వెనకాల లాగితే పైకి ఉన్నట్టు. మడమ పెడల్ మీద ఆనించి కిందిదాకా తిప్పినప్పుడు కాలు నిటారుగా వస్తే దాదాపు సరిపోయినట్టే.

ఇక కూర్చోలేకపోవడం గురించి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ వేసుకుని లోపల మామూలు డ్రాయరు కూడా వేసుకున్నారా? కొత్తవాళ్లందరూ చేసే పనే అది. ఆ కుట్లే చెమటలో ఒరుసుకుని పుండు చేస్తాయి. లోపల ఏమీ వద్దు, వాజ్‌లైన్ రాసుకోండి, పావుగంటకోసారి లేచి నిలబడి పది తొక్కులు తొక్కండి. మెత్తటి జెల్ కవరు కొనకండి, దిగబడి మధ్యలో నరాలని నొక్కుతుంది. సెగ్గడ్డ లేస్తే మానేదాకా సైకిల్ ముట్టుకోవద్దు, జ్వరం కూడా వస్తే డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే.

తిండి విషయంలో నా కథే చెబుతాను. మొదటి 200లో ఆకలి వెయ్యలేదని నాలుగు గంటలు నీళ్లే తాగాను. చించినాడ వంతెన ఎక్కేసరికి చేతులు వణుకుతున్నాయి, బిస్కెట్ ప్యాకెట్ చింపడం చేతకాక పళ్లతో కొరికాను, కింద వశిష్ఠ గోదావరి రెండుగా కనపడింది. ఒంట్లో నిలవున్న చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటలకి మించి రాదు. అందుకే ఆకలితో పనిలేకుండా అరగంటకోసారి ఏదో ఒకటి పడాలి, అరటిపండో ఇడ్లీయో. (పూతరేకు జేబులో పెట్టుకోకండి, పొడుం మిగులుతుంది.) మన ఉక్కకి చెమట ఆరదు, కారిపోతూనే ఉంటుంది, దాంతో ఉప్పూ పోతుంది. ఒట్టి నీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. కొబ్బరి బోండాం మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి దానితో పాటు ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో ఉండాలి.

ఇప్పుడు చేస్తున్న 70నే వారానికో పది చొప్పున పెంచండి, నాలుగో వారం తగ్గించండి. 130 హాయిగా తొక్కి మర్నాడు స్కూలుకి వెళ్లగలిగితే 200కి పేరిచ్చెయ్యండి. అంతర్వేది వైపు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం వెనక్కి తిరగండి, అప్పటికి సముద్రం గాలి వీపు మీద ఉంటుంది. మీ ఆవిడకి రూటు, చెక్‌పోస్టులు కాగితం మీద రాసివ్వండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: 300 చేసి పది రోజులైంది. చిటికెన వేలు, దాని పక్క వేలు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. చొక్కా బొత్తాం పెట్టుకోవడం కష్టంగా ఉంది. - రాజోలు పాఠకుడు

జవాబు: అరచేతి మొదట్లోంచి వెళ్లే అల్నార్ నరం గంటల తరబడి హ్యాండిల్‌కీ ఎముకకీ మధ్య నలిగితే ఇలా అవుతుంది. ఒట్టి తిమ్మిరైతే కొన్ని వారాల్లో మామూలుగా తగ్గుతుంది గానీ, బొత్తాం పట్టలేకపోతున్నారంటే కండకీ బలం తగ్గినట్టు. న్యూరాలజిస్టుకి చూపించేదాకా సైకిల్ ఆపండి. తర్వాత సీటు ముక్కు కిందకి వాలి ఉందేమో చూడండి, అలా ఉంటే ఒళ్లంతా ముందుకి జారి బరువు చేతుల మీద పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి 400కి వెళతానంటున్నాడు. రాత్రంతా నిద్రలేకుండా తొక్కుతాడట. భయంగా ఉంది. - ఓ తల్లి, ముమ్మిడివరం

జవాబు: మీ భయం అనవసరం అననమ్మా. ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ రూలే, అవి లేకుండా రాత్రి తొక్కనివ్వరు. కానీ కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి మీద నల్ల బరకం, చుట్టూ పెట్టిన రాళ్లు లైటుకి కూడా ఆఖరి నిమిషందాకా కనపడవు. చేపల లారీల్లోంచి కారిన నీళ్లకి జారుడు వేరే. కళ్లు మూతలు పడుతుంటే బస్ షెల్టర్లో ఇరవై నిమిషాలు పడుకోమని గట్టిగా చెప్పండి, 27 గంటల్లో ఆ ఇరవైకి చోటుంది. ఇంకోటి, రైడ్ అయిపోయాక మోటార్ సైకిల్ నడుపుకుంటూ ఇంటికి రానివ్వకండి, తీసుకురావడానికి ఎవరినైనా పంపండి.