మెడకు కాలర్ వేసుకున్న ఆరు వారాల్లో తల కదలిక గురించి తెలిసినవి

మాట్లాడేటప్పుడు, వినేటప్పుడు తల కదిలించడం ఉత్త అలవాటేనా, లేక దానివల్ల ఏదైనా ప్రయోజనం ఉందా అని మీరు అడిగారు. ప్రయోజనం ఉంది. ఆ సంగతి నాకు పుస్తకాలకంటే ముందు నా మెడే చెప్పింది. కొన్నేళ్ల క్రితం మెడకు దెబ్బ తగిలి ఆరు వారాల పాటు గట్టి కాలర్ వేసుకోవలసి వచ్చింది. నొప్పి మొదటి వారంలోనే తగ్గిపోయింది. ఆ తరువాత నన్ను ఇబ్బంది పెట్టినవన్నీ నేను ఊహించని విషయాలే. వాటికి కారణాలు వెతుకుతూ చదివినదాన్ని, స్వయంగా గమనించినదాన్ని కలిపి రాస్తున్నాను.

తేడా మొదట తెలిసింది వినికిడిలో. పక్కనుంచి వచ్చే శబ్దం ఎడమవైపుదో కుడివైపుదో ఎప్పటిలాగే వెంటనే తెలిసేది. బల్లమీద ఫోన్ గుర్రుమంటూ అదురుతుంటే మాత్రం, అది నా ఎదుట ఉందో వెనక ఉందో తేల్చుకోలేక ఒళ్లంతా తిప్పి వెతుక్కునేవాణ్ణి. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి తరువాత చేరుతుంది కాబట్టి, ఆ వ్యవధిని బట్టి మెదడు దిక్కును అంచనా వేస్తుంది. ఆ వ్యవధి అత్యధికంగా సుమారు 0.7 మిల్లీసెకన్లు. అయితే సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉన్న శబ్దానికీ, సరిగ్గా వీపు వెనక ఉన్న శబ్దానికీ ఆ తేడా సున్నాయే. ఈ చిక్కు ముడిని తల కదలిక ఎలా విప్పుతుందో హాన్స్ వాలాక్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త 1940లో ప్రయోగాలతో చూపించాడు. తలను కొద్దిగా కుడివైపు తిప్పితే, ఎదురుగా ఉన్న శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, వెనక ఉన్నది కుడి చెవికి ముందు చేరుతుంది. ఆయన దీన్ని తిరగేసి కూడా పరీక్షించాడు. వినే మనిషి తల ఎటు తిరిగితే అటే, దానికి రెట్టింపు కోణంలో శబ్దం వచ్చే చోటును జరుపుతూ పోతే, ఎదుట ఉన్న శబ్దం వీపు వెనక కదలకుండా ఉన్నట్టు వినిపిస్తుంది. తల ఎంత తిరిగిందో మెదడు లెక్కలోకి తీసుకోకపోతే ఈ భ్రమ కలగడానికి ఆస్కారమే లేదు.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. కాలర్ ఉన్నా, ఎవరైనా వెనకనుంచి పేరుపెట్టి పిలిస్తే నేను పొరబడలేదు. చెవి డొప్పలోని మడతలు సన్నగా, కీచుగా ఉండే హెచ్చు స్థాయి శబ్దాలను ముందునుంచి వచ్చినప్పుడు ఒక తీరుగా, వెనకనుంచి వచ్చినప్పుడు మరో తీరుగా మారుస్తాయి, మాటల్లో అలాంటి శబ్దాలు పుష్కలంగా ఉంటాయి. బొంగురుగా ఉండే మంద్రమైన శబ్దాల దగ్గరే మెడ అవసరం ఎక్కువగా పడుతుంది.

చూపు విషయంలో వ్యవహారం తలకిందులు. అక్కడ తల కదలికే ఆటంకం, దాన్ని కన్ను సరిదిద్దుకోవాలి. ఒక పుస్తకాన్ని చేత్తో పట్టుకుని గబగబా అటూఇటూ ఊపుతూ చదవండి, అక్షరాలు అలుక్కుపోతాయి. అదే పుస్తకాన్ని కదలకుండా ఉంచి, అంతే వేగంతో తలను ఊపండి, చదవగలుగుతారు. లోపలి చెవిలోని అర్ధవలయ నాళాలు తల కదలికను పసిగట్టి, సుమారు 10 మిల్లీసెకన్లలో కళ్లను ఎదురు దిశకు తిప్పుతాయి, కేవలం చూపు ఆధారంగా కన్ను అంత వేగంగా స్పందించలేదు. స్ట్రెప్టోమైసిన్ మందువల్ల ఈ వ్యవస్థను కోల్పోయిన ఒక వైద్యుడు 1952లో తన అనుభవాన్ని ప్రచురించాడు. నాడి కొట్టుకున్నప్పుడు తలలో కలిగే అతి స్వల్పమైన అదురుకు కూడా అక్షరాలు ఎగిరిపడుతుంటే, తలను దేనికైనా గట్టిగా ఆనించి చదువుకునేవాడట. అది చదివాక నా కాలర్ మీద ఫిర్యాదులు చాలావరకు తగ్గించుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది సంభాషణలో ఎదురైంది. నన్ను చూడటానికి వచ్చిన ఒక మిత్రుడు ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఏమైనా తప్పుగా అన్నానా?" అని అడిగాడు. నేను శ్రద్ధగానే వింటున్నాను, తల పంకించలేదు, అంతే. కథ వినే పిల్లలు ఊకొట్టడం మానేస్తే కథ చెప్పేవారు ఆగిపోతారే, అలాంటిదే ఇది. వినేవారు మధ్యమధ్యలో ఇచ్చే ఇటువంటి సంకేతాల మీద విక్టర్ ఇంగ్వే 1970లో రాసిన వ్యాసం తరువాత భాషాశాస్త్రంలో చాలా పరిశోధన జరిగింది. ఆ రోజు నుంచి నేను ప్రతి రెండు మాటలకూ నోటితో ఊఁ కొట్టడం మొదలుపెట్టాను, సంభాషణలు మళ్లీ సాఫీగా సాగాయి.

మాట్లాడేవారి తలకూ పని ఉంది. కెవిన్ మన్‌హాల్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగంలో, మాట్లాడుతున్న ముఖాన్ని కంప్యూటర్ బొమ్మగా తయారుచేసి, రొదలో కలిపిన జపనీస్ వాక్యాలతో పాటు జపనీస్ మాట్లాడేవారికి చూపించారు. బొమ్మ తల సహజంగా కదిలినప్పుడు వారు ఎక్కువ అక్షరాలను సరిగ్గా గుర్తుపట్టారు. గొంతు హెచ్చుతగ్గులతో తల కదలిక జతగా సాగడమే దీనికి కారణంగా వారు చూపారు. కాలర్ ఉన్న రోజుల్లో నేను మాట్లాడుతుంటే చేతులు మునుపటికంటే ఎక్కువగా ఆడుతున్నాయని ఇంట్లోవాళ్లు అనేవారు. తల పనిని చేతులు తీసుకున్నాయేమోనన్నది నా ఊహ మాత్రమే.

తల ఊపితే మన అభిప్రాయం కూడా మారుతుందా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ల నాణ్యతను పరీక్షిస్తున్నామని నమ్మించి, విద్యార్థుల చేత నిలువుగానో అడ్డంగానో తల ఆడింపజేస్తూ ఒక వాదనను వినిపిస్తే, నిలువుగా ఊపినవారు దానితో ఎక్కువగా ఏకీభవించారని వెల్స్, పెటీ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్తలు 1980లో రాశారు. నాకు మాత్రం బ్రిన్యోల్, పెటీ 2003లో చేర్చిన సవరణ ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. వాదన బలహీనంగా ఉంటే తల ఊపినవారు మరింత తక్కువగా ఒప్పుకున్నారు. అంటే గంగిరెద్దులా తలాడించినంత మాత్రాన ఎదుటివారి మాట నచ్చదు, అప్పటికే మనసులో మెదులుతున్న ఆలోచన మీద నమ్మకం పెరుగుతుంది.

నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు అన్నది అందరికీ ఒకటే కాదు. బల్గేరియాలో ఇందుకు దాదాపు విరుద్ధమైన పద్ధతి ఉందని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకోబ్సన్ 1972లో చర్చించాడు. గ్రీసులో కాదు అనడానికి తలను పైకి, వెనక్కి విసరడం పరిపాటి. సంజ్ఞా భాషల్లోనైతే తల కదలిక వ్యాకరణంలో భాగమే. జర్మన్ సంజ్ఞా భాషలో చేతులతో కాదు అన్న సంజ్ఞ చేయకపోయినా, తలను అడ్డంగా ఊపితే చాలు, వాక్యం వ్యతిరేకార్థకమవుతుంది. ఇటాలియన్ సంజ్ఞా భాషలో అది చాలదు, చేతి సంజ్ఞ తప్పనిసరి. నేను జర్మన్ సంజ్ఞా భాష వాడేవాణ్ణయి ఉంటే, ఆ ఆరు వారాలూ కాదు అని సరిగ్గా చెప్పడమే నాకు కష్టమయ్యేది.